అటు పన్నెండు, ఇటు మూడు

కవిన్యా ఎవరినీ నమ్మేది కాదు. చెట్టున కాసిన కందికాయల్ని కూడా నమ్మేది కాదు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూసుకునేది. సంతలో ఉప్పు తీసుకుంటే పొట్లం విప్పి నాలుక మీద వేసుకున్నాకే సంచిలో పెట్టేది. పక్కింటి మేక తన కంచె వైపు రెండుసార్లు చూసిందంటే, మూడోసారి చూసేలోగా అక్కడ ముళ్ళకంప పడేది. కియెలేని అనే ఆ గట్టు మీద ఆమెకు 'వేలు ముంచే మనిషి' అని పేరు. నీళ్ళ డబ్బా ఒక పూట ఎవరింట్లోనైనా ఉంచాల్సివస్తే, తిరిగి తీసుకునేటప్పుడు మూత తీసి వేలు ముంచి, తడి గోటిదాకా వచ్చిందా కణుపుదాకా వచ్చిందా అని చూసుకునేది మరి.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. కూతుళ్ళిద్దరూ పెళ్ళిళ్ళై మచాకోస్ పట్నం వైపు వెళ్ళిపోయారు. నీళ్ళు మోసే గాడిద కిందటి కరువులో చచ్చింది, అప్పటినుంచి ఆ పని కవిన్యా వీపు మీదే పడింది. ఎడమ తుంటి ఒకటి నడిచినప్పుడల్లా సలుపుతుంది. ఇరవై లీటర్ల పసుపు డబ్బాను వీపున వేసుకుని, దాన్ని పట్టి ఉంచే పట్టీని నుదుటికి తగిలించుకుని, తల వంచి ఏటినుంచి గట్టెక్కేసరికి సగం పొద్దు గడిచిపోయేది. మిగిలిన పొద్దంతా కిత్తనార పేని బుట్టలు అల్లేది. అల్లేటప్పుడు కూడా చుట్టు చుట్టుకూ ముళ్ళు లెక్కపెట్టుకునేది, తన వేళ్ళ మీద తనకే అనుమానం.

ఈ అనుమానాలన్నిటికీ పెద్దక్క లాంటి అనుమానం ఒకటుంది. అది కటుంగె మీద. పదకొండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళంతా ఏటి ఇసుకలో చెలమలు తీసి నీళ్ళు పట్టుకుంటుంటే, పైన కొండల్లో వాన పడి ఏరు ఉన్నట్టుండి పొంగి వచ్చింది. డబ్బాలు చంకన పెట్టుకుని ఎవరికి వాళ్ళు ఒడ్డుకు పరుగు తీశారు. ఆ హడావిడిలో కవిన్యా తోలు పట్టీ కనిపించకుండా పోయింది. అది మామూలు పట్టీ కాదు. వాళ్ళమ్మ ఎద్దుతోలు నానబెట్టి, కొవ్వు రాసి మెత్తన చేసి, లోపలి వైపు ఎర్రదారంతో ఐదు కుట్లు వేసి ఇచ్చింది. వారం తిరక్కుండా కటుంగె నుదుటి మీద కొత్త తోలు పట్టీ కనిపించింది. ఇంకేం కావాలి? అంతవరకూ ఒకరినొకరు 'వదినా' అని పిలుచుకుంటూ, ఒకే కుండలో దంచిన మొక్కజొన్నలూ చిక్కుళ్ళూ వండుకు తిన్నవాళ్ళకు ఆ రోజునుంచి మాటల్లేవు. ఈ దొంగతనం సంగతి కవిన్యా గట్టంతా చెప్పింది, సంతలో చెప్పింది, చర్చి మెట్ల మీద చెప్పింది. కటుంగెకు తప్ప అందరికీ చెప్పింది.

తోలు పట్టీ పోయాక కిత్తనారతో అల్లిన పట్టీ వాడుతూ వచ్చింది. నార కోసుకుపోయి ఆమె నుదుటి మీద అడ్డంగా ఒక గాటు పడింది. అద్దంలో ఆ గాటు కనపడ్డప్పుడల్లా కటుంగెను తిట్టుకునేది.

ఇదిలా ఉండగా గట్టు మీదికి నీళ్ళ పైపు వచ్చింది. ఏటికి అడ్డంగా ఇసుక ఆనకట్ట కట్టింది ఈ గట్టు ఆడవాళ్ళ మ్వెత్యా, అంటే కూలి లేకుండా కలిసి పనిచేసే జట్టే. రాళ్ళు మోసి మోసి వాళ్ళ అరచేతులు గాడిద గిట్టల్లా అయ్యాయి. రెండు వానాకాలాలకు ఇసుక నిండి, ఇసుక కింద నీళ్ళు నిలిచాయి. ఆ నీళ్ళను గట్టు చివరి పెద్ద స్కూలుకు పైపులో తీసుకెళ్తామని, పైపు బాట వెంటే వెళ్తుంది కాబట్టి దారిలో ఊరికి ఒక్క కుళాయి ఇస్తామని పైవాళ్ళు అన్నారు. ఎక్కడ పెట్టాలో శుక్రవారానికల్లా తేల్చుకోమన్నారు. ఇంటికి రోజుకు నాలుగు డబ్బాలు, ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు.

మా వైపు మనుషుల్ని లెక్కపెట్టరు, కీడు. ఇళ్ళను లెక్కపెట్టుకోవచ్చు. బాట వెంట వరసగా ఏడు ఇళ్ళు. మధ్యలో చదునైన కూడలి, పారలూ పలుగులూ దాచే కొట్టం అక్కడే. జట్టువాళ్ళు ఏ దూరం చెప్పినా కూడలినుంచే చెబుతారు. అందుకని కొలత కూడా అక్కణ్ణుంచే మొదలైంది. తాడు కవిన్యాది, నూరడుగుల పొడవు. తన తాడు తప్ప ఇంకొకరి తాడు ఒప్పుకోనంది. ఆమె తాడు మేమొప్పుకోమని తూర్పువైపు వాళ్ళన్నారు. చివరికి ఆ తాడునే ఎండలో ఆరబెట్టి, రెండు వైపులవాళ్ళూ చెరో కొస పట్టుకుని, ఒకరి చేతిని ఒకరు చూసుకుంటూ కొలిచారు.

పడమటి వైపు రెండే ఇళ్ళు. పెద్దమ్మ ఎంబితెది ఏడు తాళ్ళ దూరం, చిట్టచివర కవిన్యాది పన్నెండు తాళ్ళు. తూర్పు వైపు ఐదు ఇళ్ళు. నోటి దురుసు ముయేనిది ఒక తాడు, కటుంగెది మూడు తాళ్ళు. ఆ తరవాత నాలుగు తాళ్ళ దగ్గర ఒక ఇల్లు, ఐదు దగ్గర ఒకటి, ఆరు దగ్గర ముయిందీ ఇల్లు. ముయిందీ జట్టుకు సెక్రటరీ, పాపం పలక పట్టుకుని తిరిగే మగవాడు అతనొక్కడే.

మంగళవారం కూడలిలో పలక నిలబెట్టి ముయిందీ అంకెలు రాశాడు. రాసి, లెక్క తనకెంత తెలుసో చూపించాలనుకున్నాడు.

"ఇదిగో చూడండి, కవిన్యా అక్క పన్నెండు, కటుంగె అక్క మూడు. పన్నెండులోంచి మూడు తీస్తే తొమ్మిది. ఇద్దరికీ మధ్య తొమ్మిది తాళ్ళు."

"తొమ్మిదా? ఎవరి కాళ్ళతో నడిచావయ్యా?" కవిన్యా లేచింది. "నేను కూడలికొచ్చేసరికే పన్నెండు అయిపోతాయి. ఇక్కణ్ణుంచి ఆ గుమ్మానికి ఇంకో మూడు. మొత్తం పదిహేను. మా ఇద్దరి మధ్య దూరం తగ్గించడానికి నువ్వెవరు?"

అందరూ ఘొల్లున నవ్వారు. కటుంగె కూడా నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది.

"నిజమే అక్కా, తూర్పూ పడమరా కలిపేశాను," అన్నాడు ముయిందీ. పడమటి అంకెలు రెండింటి ముందూ చిన్న అడ్డగీత పెట్టాడు. "గీతున్నవి ఆ వైపు, లేనివి ఈ వైపు. ఇక తప్పు రాదు."

గీత పెట్టగానే అతని చెయ్యి అలవాటైన దారిలో పోయింది. ఇరవై ఏళ్ళుగా వాలు పొలాల్లో అడ్డకట్టల లెక్క రాసేది అతనే. పొలానికి అడ్డంగా దారం లాగి, దారానికి పైన ఉన్న మిట్టను ఒక వైపు, కింద ఉన్న పల్లాన్ని అడ్డగీతతో ఇంకో వైపు రాసి, అన్నీ కలిపి చూస్తాడు. సున్నా వచ్చిందంటే మిట్టల మట్టి పల్లాలకు సరిగ్గా సరిపోతుందన్నమాట, బయటినుంచి ఒక్క తట్ట కూడా మోయక్కర్లేదు. మా గట్టు ఆడవాళ్ళకు సున్నా అంటే పండగ, నడుము నొప్పి తప్పిన రోజు.

ముయిందీ కలిపాడు. తూర్పున ఒకటీ మూడూ నాలుగూ ఐదూ ఆరూ పంతొమ్మిది. పడమట పన్నెండూ ఏడూ పంతొమ్మిది. ఒకదాంట్లోంచి ఒకటి పోతే సున్నా.

"సున్నా!" అని పలక మీద సుద్దముక్క విరిగేలా కొట్టాడు. "నట్టనడుమ కూడలే! ఇక్కడ పెడితే ఎవరికీ నష్టం లేదు!"

చప్పట్లు మోగాయి. పెద్దమ్మ ఎంబితె కూడా తలూపింది. శుక్రవారం పొద్దున్నే ఇక్కడే గుంట తవ్వుదామని చెప్పి అందరూ లేచారు.

కవిన్యా మాత్రం ఇంటికి నడుస్తూ దారంతా ఆలోచించింది. కూడలి ఆమెకు మంచిదే. పన్నెండు తాళ్ళు నడవగలదు, ఏటితో పోలిస్తే అదొక నడకేనా? కానీ ఆ సున్నా ఆమెకు మింగుడుపడలేదు. అందరి నడకా కలిపితే సున్నా అయితే ఈ మెడ ఎందుకు పట్టేస్తోంది? ఇందులో ముయిందీ ఏదో చేశాడు. కూడలికి అందరికన్నా దగ్గర ముయేని. ఆ ముయేని రోజూ పొద్దున ముయిందీకి పాల టీ పోస్తుంది. కూపీ లాగాల్సిందే అనుకుంది.

మర్నాడు పొద్దున పెరట్లో నేల ఊడ్చి గీత గీసింది. తాడుకొక జానెడు చొప్పున కొలిచి, ఇళ్ళకు బదులు ఏడు రాళ్ళు పెట్టింది. కుళాయికి బదులు ఒక ఎముక ముక్క పెట్టి, దాన్ని కూడలి స్థానంలో ఉంచింది. ఒళ్ళో నాలుగు దోసిళ్ళ కందులు పోసుకుని కూచుంది. ఎముకనుంచి ఒక్కో రాయిదాకా ఎన్ని తాళ్ళుంటే అన్ని కందులు బుట్టలో వేసింది. తూర్పు రాయికైనా, పడమటి రాయికైనా కందులు వేయడమే గాని తీయడం లేదు. తీయడానికి అడుగు వెనక్కి వేస్తే డబ్బా తేలికవుతుందా? అన్నీ వేశాక లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిది.

"సున్నా అంట, సున్నా," అని ఉమ్మేసింది.

ఇక ముయిందీ దొంగతనం బయటపడాలి. ఎముకను తన ఇంటి రాయి దగ్గర పెట్టి చూసింది, మనిషన్నాక ఆశ ఉంటుంది కదా. ఎనభై నాలుగు! గతుక్కుమని, చుట్టూ చూసి, ఎవరూ చూడలేదని తేలాక ఎముకను గబగబా తీసేసింది. ముయేని రాయి దగ్గర పెట్టింది. ముప్ఫై ఐదు. కూడలికన్నా మూడు తక్కువ! అయితే ముయేనికి మేలు చేయాలనుకున్నవాడు కుళాయిని కూడలిలో ఎందుకు పెట్టాడు? అనుమానం దారి తప్పింది. ఇంకో తాడు తూర్పుకు జరిపింది. ముప్ఫై నాలుగు. ఇంకొకటి జరిపింది. ముప్ఫై మూడు. ఇంకొకటి జరిపితే మళ్ళీ ముప్ఫై నాలుగు. అక్కణ్ణుంచి పెరుగుతూనే పోయాయి.

ఎముకను వెనక్కి, ముప్ఫై మూడు వచ్చిన చోటికి తెచ్చింది. అది కటుంగె రాయి.

కవిన్యా ఒళ్ళు మండింది. కోడి ఏమైనా ఒకట్రెండు గింజలు తినేసిందేమోనని కోడిని గంప కింద మూసి మళ్ళీ లెక్కపెట్టింది. ముప్ఫై మూడే. రాళ్ళు జరిగాయేమోనని మళ్ళీ కొలిచి పెట్టింది. ముప్ఫై మూడే. అప్పుడు గీతకేసి చాలాసేపు చూసింది. కటుంగె ఇంటికి పడమట మూడిళ్ళు, తూర్పున మూడిళ్ళు. ఎముకను అక్కణ్ణుంచి ఎటు కదిపినా నాలుగిళ్ళవాళ్ళకు నడక పెరుగుతుంది, ముగ్గురికి తగ్గుతుంది. ఇందులో ముయిందీ కుట్రా లేదు, ముయేని టీ లేదు. ఆరు తాళ్ళ దూరాన ఉన్న ముయిందీ తన తప్పుతో తన నడకే పెంచుకున్నాడు. ఎవరి మీదా అనుమానపడడానికి ఏమీ మిగలకపోతే ఎంత దిక్కుతోచదో కవిన్యాకు ఆ రోజే తెలిసింది.

కందులు మూటగట్టి అటక మీద పెట్టింది. నోరు మూసుకుంటే సరిపోతుంది. కుళాయి కూడలిలో ఉంటే పన్నెండు తాళ్ళు. ఆ గుమ్మం దగ్గరైతే పదిహేను. మూడు తాళ్ళు ఎక్కువ. పోనూ రానూ ఆరు. నాలుగు డబ్బాలకు ఇరవై నాలుగు తాళ్ళు, రోజూ, ఈ తుంటితో. పైగా ఎవరికి? ఆ దొంగకు, గుమ్మం ముందు కుళాయి, కడుపులో చల్ల కదలకుండా! లెక్క ఎవరడిగారు? పలక మీద రాసింది ముయిందీ. చప్పట్లు కొట్టింది ఊరు. తనకేం పట్టింది?

బుట్ట అల్లడానికి కూచుంది. రెండు చుట్లలో మూడుసార్లు ముడి తప్పింది. విప్పింది, మళ్ళీ అల్లింది. ఒక ఆలోచన జోరీగలా చెవి దగ్గరే తిరుగుతోంది. ఇదే లెక్క కటుంగె చేతిలో పడి, ఆవిడ తనకు లాభమని దాచిపెట్టి ఉంటే, తర్వాత అది బయటపడి ఉంటే, తను ఏమనేది? ఏమనేదో కవిన్యాకు బాగా తెలుసు. పదకొండేళ్ళుగా అంటున్న మాటే. ఆ మాట ఇప్పుడు తన అటక మీదున్న మూటను చూపిస్తూ తననే అంటోంది. ఆమెకు సిగ్గేసింది, ఆ వెంటే కోపం వచ్చింది.

శుక్రవారం పొద్దున కూడలిలో అందరూ చేరారు. పైపువాళ్ళ మనిషి ఒకడు సైకిలు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇంకెవరికైనా మాటుందా?" అని అడిగింది పెద్దమ్మ ఎంబితె. "లేకపోతే పలుగులు తియ్యండి."

"నాకుంది," అంది కవిన్యా.

"వచ్చిందమ్మా వేలు ముంచే అత్త!" అని చేతులు చరిచింది ముయేని. "సున్నాలో కూడా వేలు ముంచావా అత్తా? ఎంత లోతుంది?"

కటుంగె కవిన్యాతో మాట్లాడదు కాబట్టి పక్కనున్న పారతో చెప్పింది. "కొంతమందికి కుళాయి తెచ్చి మంచంకోడుకి కట్టినా చాలదు."

కవిన్యా ఆ మాట విననట్టే ముయిందీ వైపు తిరిగింది. "ఏమయ్యా, మిట్ట మట్టి పల్లంలో పోస్తే ఏమవుద్ది?"

"పల్లం నిండుద్ది."

"నేను పడమటినుంచి పన్నెండు తాళ్ళు మోసుకొచ్చాననుకో. తూర్పున నీ ఆరు తాళ్ళు తగ్గుతాయా?"

"అదెట్టా తగ్గుద్ది అక్కా?"

"మరి నా నడకలోంచి నీ నడక ఎట్టా తీసేశావు? నా నడకేమన్నా నీ పల్లం పూడ్చే మట్టా? ఎటు నడిచినా నడకే. తూర్పుకెళ్ళినా నా మెడే విరుగుద్ది, పడమరకెళ్ళినా నా మెడే విరుగుద్ది. డబ్బాకి దిక్కులు తెలవవు."

ఎవరూ నవ్వలేదు. వాళ్ళందరికీ మెడలున్నాయి. పెద్దమ్మ తన మెడ మీద చెయ్యి వేసుకుని రుద్దుకుంది. ముయిందీ పలకకేసి చూస్తూ, మెల్లగా చెప్పాడు. "ఇంటికీ ఇంటికీ మధ్య ఎంతని చూసేటప్పుడు ఏ వైపో చూడాలి, నేను వదిలేశా. కాళ్ళు ఎంత నడిచాయని కలిపేటప్పుడు వైపు వదిలెయ్యాలి, నేను పట్టుకున్నా. రెండూ తిరగేశాను."

కవిన్యా నేల మీద గీత గీసి, రాళ్ళు పెట్టి, కందుల మూట విప్పింది. ఎముక కూడలి దగ్గర పెట్టింది. కందులు పెద్దమ్మే వేసింది, పెద్దమ్మే లెక్కపెట్టింది. ముప్ఫై ఎనిమిది.

"సరేనే, ఇంతకన్నా తక్కువొచ్చే చోటుందా?" అంది పెద్దమ్మ.

అందరూ కవిన్యా మొహంలోకి చూశారు. 'మా ఇంటి దగ్గర' అనే మాట కోసం కాచుక్కూచున్నారు, అనగానే విరుచుకుపడడానికి ముయేని అప్పటికే నోరు తెరిచి పెట్టుకుంది.

"కటుంగె గుమ్మం దగ్గర."

పదకొండేళ్ళలో 'దొంగ' అని ముందు చేర్చకుండా ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి. ముయేని తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"ఇందులో ఏదో ఉంది," అంది ముయేని.

"తుంటి నొప్పి తలకెక్కిందా నీకు?" అంది పెద్దమ్మ. "నీకు మూడు తాళ్ళు పెరుగుతాయి కదే."

అందరికన్నా ఎక్కువ బెదిరింది కటుంగె. ఈసారి పారతో కాదు, నేరుగానే అరిచింది. "నా గుమ్మం దగ్గర ఏం పాతిపెట్టావు? ఎందుకిస్తున్నావు నాకు?"

"నేనివ్వట్లా. కందులిచ్చాయి."

"నీ కందులు నేను నమ్మను!" అని కటుంగె ఇంటికి పరుగెత్తి తన కందులు తెచ్చుకుంది. వాటిని ఒక్కోటీ కొరికి చూసినంత పని చేసి లెక్కపెట్టింది. ఎముక తన రాయి దగ్గర పెడితే ముప్ఫై మూడు. అటు జరిపితే ముప్ఫై నాలుగు, ఇటు జరిపినా ముప్ఫై నాలుగు. మోసం ఎక్కడుందో కనపడలేదు. కనపడని మోసమే పెద్దదని ఆమెకు ఇంకా భయం వేసింది. గుమ్మం ముందు నేలంతా పారతో గీకి చూసుకున్నాకే ఒప్పుకుంది. అప్పటికి పైపుమనిషి సైకిలు మీద కునుకు తీస్తున్నాడు.

కుళాయి కటుంగె గుమ్మం ముందే పెట్టారు. దూరం లేని ఇంటికి పని ఉండాలన్నది జట్టు పద్ధతి కాబట్టి, ఊడ్చి శుభ్రంగా ఉంచే పనీ తాళంచెవీ ఆమెకే ఇచ్చారు. తాళంచెవి కటుంగె నడుముకు వేలాడడం కవిన్యా కంటపడింది. తాళం! అది తనకు తట్టనేలేదు. తను వెళ్ళేసరికి తాళం వేసేసి, వేళ దాటిపోయిందంటుంది. లేదా తన డబ్బా వంతుకు ధార సన్నం చేస్తుంది. చేతులారా తెచ్చి పెట్టుకున్నానే అని రెండు వారాలు తనను తాను తిట్టుకుంది.

నీళ్ళు వదిలిన మొదటి రోజు పొద్దున్నే బయల్దేరింది. ఖాళీ డబ్బా వీపున, కిత్తనార పట్టీ నుదుటిన. కూడలిదాకా పన్నెండు తాళ్ళు నడిచేసరికే తుంటి మూలగడం మొదలుపెట్టింది. ఆ మిగిలిన మూడు తాళ్ళ దూరం, తాడు పట్టి కొలిచిన రోజున తప్ప, ఆమె పదకొండేళ్ళుగా తొక్కలేదు. తూర్పు సంతకు వెళ్ళాల్సివచ్చినా పొలాల మీదుగా చుట్టు తిరిగి వెళ్ళేది. ఏమంటుందో, ఏమనాలో ముందే అనుకుంటూ వెళ్ళింది. తాళం వేసుంటే పెద్దమ్మను పిలుస్తాను, ధార సన్నంగా ఉంటే నలుగురినీ పిలుస్తాను.

కుళాయికి తాళం లేదు. చుట్టూ ఊడ్చి ఉంది. కటుంగె నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా ముసలిదైంది, ఈ సంగతి కవిన్యా దూరంనుంచి ఎప్పుడూ గమనించలేదు. డబ్బా నిండింది. కవిన్యా ఆగలేక మూత పెట్టబోతూ వేలు ముంచింది. తడి కణుపు దాటింది.

"నిండిందా?" అంది కటుంగె.

కవిన్యా డబ్బాకు కిత్తనార పట్టీ చుట్టి ఎత్తబోయింది. నార ఫట్టుమని తెగింది. డబ్బా పక్కకు ఒరిగిపోతుంటే కటుంగె ఒడిసిపట్టుకుంది. లోపలికెళ్ళి తన తోలు పట్టీ తెచ్చి, డబ్బాకు చుట్టబోయి ఆగింది. పట్టీని కవిన్యా చేతిలో పెట్టింది.

"ముందు వెతుక్కో," అంది. "నీ కళ్ళు ఎప్పుడూ దీనిమీదేగా. చర్చిలో కూడా దీన్నే చూసేదానివి. ఐదు కుట్లున్నాయేమో చూస్కో."

కవిన్యా పట్టీని తిప్పింది. లోపలి వైపు వేలితో తడిమింది, ఈ కొసనుంచి ఆ కొసదాకా. ఎర్రదారం లేదు. కుట్టు తీసేసిన చోట సూది రంధ్రాలైనా ఉండాలి, అవీ లేవు. తోలు కూడా మేకతోలు, ఎద్దుది కాదు. నుదుటికి తగిలే చోట కటుంగె చెమటతో నల్లబడి ఉంది, అంతే. కవిన్యా కుళాయి గట్టు మీద కూచుండిపోయింది.

"ఇది ముందే చూపించొచ్చు కదా," అంది.

"నువ్వడిగితే కదా వదినా! ఊరందరికీ చెప్పావు, నాతో చెప్పలా. వచ్చి నా మొహాన దొంగవని తిట్టుంటే అప్పుడే తెచ్చి నీ ఒళ్ళో పడేసేదాన్ని."

"నువ్వైనా రావాల్సింది."

"నేనే రావాల్సింది," అంది కటుంగె. కోపంగా కాదు, అలిసిపోయినట్టు. "నువ్వు అక్కణ్ణుంచొచ్చినా, నేను ఇక్కణ్ణుంచొచ్చినా అదే పదిహేను తాళ్ళు. ఇద్దరం ఎవరిది దూరమో చూసుకుంటా కూచున్నాం."

ఆమె డబ్బా ఎత్తి కవిన్యా వీపుకు ఆనించి, తోలు పట్టీని నుదుటికి తగిలించింది. పాత గాటు మీద మెత్తగా కూచుంది. కవిన్యా తల వంచి నడిచింది. 'వదినా' అన్న మాటకు ఏం చెప్పాలో తెలియక ఏమీ చెప్పకుండానే వచ్చేసింది.

కూడలి దగ్గర డబ్బా దించి ఊపిరి తీసుకుంది. పట్టీ విప్పి ఎండకు పట్టి మళ్ళీ చూసింది. ఇది వేరే పట్టీయేమో, అసలుది లోపల దాచిందేమో! అలా అనుకోగానే తన మీద తనకే అసహ్యం వేసింది. కటుంగె కాకపోతే మరి ఎవరు? ముయేని ఆ రోజు ఏట్లో ఉందా? ఉంది, ఉంది... ఆ పేరు దగ్గర ఆలోచన ఆపి, కవిన్యా తలెత్తి ఏటి వైపు చూసింది. ఆ రోజు ఏరు పొంగి వచ్చింది. పరుగెత్తేటప్పుడు తను పట్టీని చెలమ ఒడ్డున పడేసింది, వెనక్కి తిరిగి చూసేసరికి చెలమే లేదు. ఇది ఆమెకు తెలుసు, పదకొండేళ్ళనుంచీ తెలుసు. కానీ ఏటితో మాట్లాడ్డం మానేస్తే ఏటికేం నష్టం? అందుకే ఒక మనిషిని వెతుక్కుంది.

అక్కడే, పారల కొట్టం నీడలో కూచుని కవిన్యా ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని, డబ్బా ఎత్తుకుని ఇంటికెళ్ళింది.

ఆ రోజు మళ్ళీ మూడుసార్లు వచ్చి, మూడు డబ్బాలు తీసుకెళ్ళింది. ప్రతిసారీ కటుంగె ఎత్తి పెట్టింది, ప్రతిసారీ ఇద్దరూ ఒకటి రెండు మాటలు ఎక్కువ మాట్లాడుకున్నారు, ఎక్కువగా తుంటి గురించీ మోకాళ్ళ గురించీ. నాలుగో డబ్బా ఇంట్లో దించాక పట్టీ చేతిలోనే మిగిలిపోయింది. పొద్దు ఇంకా ఉంది. రేపు పొద్దున నీళ్ళకెళ్ళినప్పుడు ఇచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

కవిన్యా పట్టీని చుట్ట చుట్టి చంకన పెట్టుకుంది. అటక మీదినుంచి ఆ కందుల మూట తీసింది, వండుకుని తినడానికి ఇద్దరికి సరిపోతాయి. కుంటుకుంటూ తూర్పు వైపు బయల్దేరింది. పదిహేను తాళ్ళు, డబ్బా లేదు. ఆ నడక ఎవరి లెక్కలోనూ లేదు.